పక్కింటి కూర మన పొయ్యి మీద

కలకత్తా నగరానికి నైరుతి దిక్కున, ఖిదిర్‌పూర్ రేవుకు దగ్గరలో ఏక్‌బాల్‌పూర్ అనే పేట ఉంది. ఇరుకు సందులు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డ మేడలు, ఒక్కో మేడలో అనేక వాటాలు. అక్కడికి దగ్గరలోనే, గార్డెన్ రీచ్‌లో, ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది. 2003 దాకా మన వాల్తేరు డివిజన్ ఆ కార్యాలయం కిందే ఉండేది. అందుకే విశాఖపట్నం రైల్వే కుటుంబాల్లో గార్డెన్ రీచ్ అనే పేరు తెలియనివాళ్ళు తక్కువ.

మీ ఇంట్లో ఒకరికి ఆ వైపు ఉద్యోగం వచ్చిందనీ, ఏక్‌బాల్‌పూర్‌లో ఒక చిన్న వాటాలో మీరంతా దిగారనీ అనుకుందాం. సాయంత్రం ఏడు దాటితే పక్క వాటాలోంచి ఆలూ గోష్త్ వాసన వస్తుంది. మాంసం, బంగాళాదుంపలు కలిపి పలచని రసంతో వండే ఇంటి కూర అది. బిర్యానీకున్న పేరు ప్రతిష్ఠలు దీనికి లేవు. పక్కింటి ఖాలాను అడిగి మీరు నోట్‌బుక్‌లో రాసుకున్నారు: అరకిలో మాంసం, పావుకిలో ఉల్లిపాయలు, నాలుగు దుంపలు, కాస్త పెరుగు. ఉల్లిపాయలు పది నిమిషాలు వేయించాలి, మసాలా అయిదు నిమిషాలు, మాంసం మూడు విజిల్స్. తోడుగా మసూర్ పప్పు, అన్నం. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు.

మరునాడు మీరు అక్షరం పొల్లుపోకుండా అలాగే వండారు. మీరు ఆరుగురు కాబట్టి అన్నీ రెట్టింపు వేశారు. ఉల్లిపాయలు పాలిపోయి మెత్తబడ్డాయి గాని ఎర్రబడలేదు. కూర నీళ్ళోడుతోంది. దుంప పంటికింద కసుక్కుమంటోంది. అన్నం ముద్దయింది. (ఇదంతా అమ్మ చూసుకునే వ్యవహారం అనుకునే అబ్బాయిలు పేజీ తిప్పకండి. హాస్టల్ రోజులు ముందున్నాయి.)

ఇలాంటప్పుడు మన ఇళ్ళలో వినిపించే మాట ఒకటుంది: "ఆవిడ చెయ్యి అలాంటిది." ఆ మాటతో సరిపెట్టుకుంటే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. వంట విధానం అంటే ఒకరు తమ వంటింట్లో చేసిన ప్రయోగానికి రాసిన నివేదిక. అందులోని అంకెల్లో కొన్ని ఏ ఇంటికైనా పనికొస్తాయి, కొన్ని ఆ ఒక్క పొయ్యికే చెల్లుతాయి. ఏది ఏదో తెలుసుకోవడమే ఇక్కడ మన పని.

నూనె తేలడం అనే థర్మామీటరు

ముందుగా ఉల్లిపాయల సంగతి చూద్దాం. ఉల్లిపాయ బరువులో దాదాపు 88 శాతం నీరే. పావుకిలో ముక్కల్లో సుమారు 220 గ్రాముల నీరు ఉందన్నమాట. నీరు ఉన్నంతసేపు ముక్కల ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటదు. మీరు మంట ఎంత పెంచినా ఆ వేడి నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ముక్కలు ఎర్రబడి, ఆ కమ్మని వాసన రావాలంటే ఉష్ణోగ్రత అంతకంటే బాగా పైకి, 140 డిగ్రీల ప్రాంతానికి చేరాలి. చక్కెరలూ, మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలూ కలిసి జరిపే ఈ చర్యను 1912లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు మెయార్ వివరించాడు. ఆయన పేరుతోనే దాన్ని మెయార్ చర్య అంటారు.

ఒక గ్రాము నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచడానికి ఒక కేలరీ చాలు. కాని మరుగుతున్న అదే గ్రాము నీటిని ఆవిరిగా మార్చడానికి 540 కేలరీలు కావాలి. మీరు భౌతిక శాస్త్రంలో చదివిన గుప్తోష్ణం ఇదే. 220 గ్రాముల నీరు పోవాలంటే దాదాపు లక్షా ఇరవై వేల కేలరీలు ఆవిరికే సరిపోతాయి. మీరు అరకిలో ఉల్లిపాయలు వేశారు. పొయ్యి మాత్రం ఒక్కటే. అది ఇచ్చే వేడి రెట్టింపు కాలేదు. మరి పది నిమిషాల్లో ఎలా ఎర్రబడతాయి? ఖాలా పది నిమిషాలన్నది ఆమె పొయ్యికీ, ఆమె కడాయి వెడల్పుకీ, పావుకిలో ఉల్లికీ సరిపోయే లెక్క. పైగా ఆమె గడియారం చూసి చెప్పిందనుకోవడానికి లేదు. మీరు "ఎంతసేపు?" అని అడిగారు, కాబట్టి ఏదో ఒక అంకె చెప్పింది. (వంట పుస్తకాల్లో ఉల్లిపాయలు అయిదు నిమిషాల్లో ఎర్రబడతాయని రాసేవాళ్ళు ఒకసారి స్టాప్‌వాచీ పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడితే బాగుంటుంది.)

ఇప్పుడు ఆమె వంటను గమనించండి. మసాలా, పెరుగు వేశాక ఆమె గడియారం వైపు చూడదు, కడాయి అంచు వైపు చూస్తుంది. అంచుల దగ్గర నూనె విడివడి మెరిసినప్పుడు మాంసం వేస్తుంది. మన ఇళ్ళలోనూ "నూనె తేలేదాకా వేయించు" అంటారు కదా. బెంగాలీలు ఇదే పనిని కషా అంటారు, హిందీ ఉర్దూల్లో భూన్‌నా అంటారు. ఇన్ని భాషల్లో ప్రత్యేకంగా ఒక మాట పుట్టిందంటే అక్కడ ఏదో జరుగుతూ ఉండాలి. పెరుగు, ఉల్లి, అల్లం వెల్లుల్లి ముద్దల్లో నీరు ఉన్నంతవరకు నూనె చిన్న చిన్న బిందువులుగా అందులో చిక్కుకుని ఉంటుంది. నీరు ఆవిరైపోయిన కొద్దీ ఆ మిశ్రమం విరిగి నూనె బయటపడుతుంది. అంటే నూనె తేలిందంటే నీరు చాలావరకు పోయిందనీ, ఇక ఉష్ణోగ్రత 100 దాటి పైకి పోతుందనీ అర్థం. పచ్చి వాసన పోయేదీ అప్పుడే. పైసా ఖర్చు లేని థర్మామీటరు అది. తాలింపులో ఆవాలు చిటపటలాడటం కూడా ఇలాంటిదే. గింజలోపలి తేమ ఒక్కసారిగా ఆవిరై పొట్టును పగలగొట్టేంత వేడి నూనెకు వచ్చిందని ఆ చప్పుడు చెబుతుంది.

మరి నిమిషాలు ఎక్కడా పనికిరావా? పనికొస్తాయి, ఉష్ణోగ్రత కదలకుండా నిలిచే చోట. మరుగుతున్న నీరు అలాంటి చోటు. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న కలకత్తాలో నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. విశాఖలోనూ అంతే. సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో 98 డిగ్రీలకే మరుగుతుంది. రెండు వేల మీటర్లు దాటిన డార్జిలింగ్‌లో 93 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి అక్కడ మూత లేని గిన్నెలో పప్పు ఉడికించడం ఓపికకు పరీక్ష. ఊళ్ళ ఎత్తు ఒకటే అయితే ఈ నిమిషాలను ఒక ఇంటి నుంచి మరో ఇంటికి నిశ్చింతగా తీసుకుపోవచ్చు.

ప్రెషర్ కుక్కర్ ఇంకా నమ్మదగిన చోటు. 1679లో డెనీ పాపెన్ ఎముకలను మెత్తబరచడానికి తయారు చేసిన ఆవిరి పాత్రే దానికి పూర్వరూపం. మన కుక్కర్లలో ఆవిరి పీడనం వాతావరణ పీడనానికి దాదాపు రెట్టింపు అవుతుంది, నీరు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క ఉంది. 20 డిగ్రీలు పెరిగితే నాలుగు రెట్లు. మాంసంలోని కొలాజెన్ అనే గట్టి పదార్థం కరిగి మెత్తని జెలాటిన్‌గా మారడానికి మామూలు గిన్నెలో గంటన్నర పడితే, కుక్కర్‌లో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు చాలు.

అయితే "మూడు విజిల్స్" అన్న కొలత ఉందే, దాన్ని మాత్రం నమ్మకండి. పీడనం హద్దు దాటిందని చెప్పడమే విజిల్ పని. ఎంతసేపు ఉడికిందో అది చెప్పదు. మంట పెద్దదైతే మూడు విజిల్స్ అయిదు నిమిషాల్లో వస్తాయి, చిన్నదైతే పావుగంటైనా పట్టవచ్చు. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి, అక్కడి నుంచి గడియారం చూడండి. గ్యాసు కూడా ఆదా అవుతుంది. విజిల్ విజిల్‌కీ బయటికిపోయే ఆవిరిలో గ్రాముకు 540 కేలరీల చొప్పున మీరు డబ్బిచ్చి కొన్న వేడి ఉంది.

ఉడకని దుంప

మనం బంగాళాదుంప అంటున్నదాని పేరులోనే బెంగాల్ ఉంది. కలకత్తా బిర్యానీలోకి ఈ దుంప ఎలా వచ్చిందన్నదానికి ఒక కథ చెబుతారు. 1856లో రాజ్యం పోగొట్టుకుని కలకత్తా చేరి, ఏక్‌బాల్‌పూర్‌కు దగ్గరలోని మటియాబుర్జ్‌లో 1887లో మరణించే దాకా గడిపిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా, మాంసానికి డబ్బు చాలక దుంపలు వేయించాడట. ఆయనకు ప్రభుత్వం ఇచ్చిన భరణం ఏడాదికి పన్నెండు లక్షల రూపాయలు. ఆ రోజుల్లో అంత రాబడి ఉన్నవాడికి మాంసం కొనలేనంత కరువేమిటో నాకైతే అర్థం కాదు. దుంప అప్పటికి కొత్త కూరగాయ, రుచి నచ్చి వేసుకుని ఉంటారనుకోవడం సబబుగా ఉంటుంది.

దుంప ఎందుకు ఉడకలేదన్నదానికి రెండు కారణాలు వెతకాలి. మొదటిది మందం. వేడి దుంప పైనుంచి లోపలికి మెల్లగా పాకుతూ పోతుంది. ముక్క మందం రెట్టింపైతే వేడి నడిమికి చేరడానికి పట్టే కాలం రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లు. ఖాలా నాలుగు చిన్న దుంపలను సగానికి కోసి వేసింది. మీరు పెద్ద దుంపలు దొరికాయని సంతోషించి వాటినీ సగానికే కోశారు.

రెండోది పులుపు. మొక్కల కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే జిగురు పదార్థం పెక్టిన్. ఉడకడం అంటే చాలావరకు ఈ జిగురు విడిపోవడమే. నీటిలో ఆమ్లం ఉన్నప్పుడు, ముఖ్యంగా పి.హెచ్. 4 ప్రాంతంలో, పెక్టిన్ చాలా నెమ్మదిగా విడిపోతుంది. ఖాలా రెండు చెంచాల పెరుగు వేసింది, అదీ నీరు ఇంకిపోయేదాకా వేయించింది. మీ ఇంట్లో పులుపు తగలకపోతే కూర కాదు కాబట్టి నాలుగు టమాటాలు, కాస్త చింతపండు రసం చేర్చారు. "చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదు" అని మన అమ్మమ్మలు చెప్పేది ఈ సంగతే. నమ్మకం లేకపోతే ఈ సాయంత్రమే చూడండి. ఒకే దుంప నుంచి ఒకే కొలతలో రెండు ముక్కలు కోసి, రెండు చిన్న గిన్నెల్లో వేయండి. ఒకదానిలో మంచినీళ్ళు, రెండోదానిలో చిక్కని చింతపండు రసం. రెండూ మరుగుతుండగా పదిహేను నిమిషాల తర్వాత అగ్గిపుల్లతో గుచ్చండి. చింతపండు గిన్నెలో పుల్ల విరిగినా ఆశ్చర్యపోకండి.

కఠిన జలం కూడా ఇలాంటి పనే చేస్తుంది. అందులోని కాల్షియం పెక్టిన్‌ను మరింత బిగిస్తుంది. రాయి పొరల్లోంచి తోడిన బోరు నీటితో పప్పు సతాయించడం తెలుగు ఇళ్ళలో తెలిసిన అనుభవమే. హుగ్లీ నది నీటిని శుద్ధి చేసి సరఫరా చేసే చోట ఆ బాధ తక్కువ. కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు. సోడా క్షారం కాబట్టి పెక్టిన్ త్వరగా విడిపోయి పప్పు మెత్తబడుతుంది. కాని అదే క్షారం విటమిన్ బి1ను పాడు చేస్తుంది. ఈ విటమిన్ చిన్న విషయం కాదు. అన్నం దగ్గర దాని కథ వస్తుంది.

రెండు రాష్ట్రాల బియ్యం

అన్నం ఎందుకు ముద్దయింది? గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు పోస్తే, సుమారు గ్లాసున్నర బియ్యం పీల్చుకుని, అరగ్లాసు ఆవిరై పోయిందనుకుందాం. బియ్యం రెండు గ్లాసులైతే అవి పీల్చే నీరు మూడు గ్లాసులు. కాని గిన్నె అదే, మూత అదే, ఉడికే సమయమూ ఇంచుమించు అదే కాబట్టి ఆవిరయ్యేది ఇంకా అరగ్లాసు దరిదాపుల్లోనే ఉంటుంది. మొత్తం మూడున్నర చాలు. మీరు నాలుగు పోశారు. ఇంట్లో తూకం యంత్రం ఉంటే గిన్నెతో సహా వండకముందూ, వండాకా తూచండి. తగ్గిన బరువే మీ ఇంట్లో ఆవిరయ్యే నీటి లెక్క. అది ఒకసారి తెలిస్తే ఎంతమందికైనా అన్నం వండవచ్చు.

కాని అసలు తేడా బియ్యంలోనే ఉంది. మీరు తెచ్చుకున్నవి మనకు అలవాటైన పచ్చి బియ్యం. బెంగాల్‌లో వీటిని ఆతప్ అంటారు. అక్కడి ఇళ్ళలో రోజూ ఎక్కువగా వండేది సిద్ధ చాల్, అంటే మన ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరిమీద ఉడికించి, ఆరబెట్టి, ఆ తర్వాత దంపుతారు. అప్పుడే గింజలోని పిండి ఒకసారి ఉడికి, చల్లారి, గట్టిపడుతుంది. అందుకే ఆ అన్నం నిదానంగా ఉడుకుతుంది, మెతుకు మెతుకుకు విడివిడిగా ఉంటుంది. ఆ బియ్యానికి సరిపోయిన నీళ్ళు, నిమిషాలు పచ్చి బియ్యానికి సరిపోవు.

ఈ తేడా వెనక మన ప్రాంతానికి సంబంధించిన విషాదం ఒకటుంది. ధాన్యాన్ని ఉడికించినప్పుడు తవుడు పొరలోని విటమిన్ బి1 కొంత గింజ లోపలికి చేరుతుంది. తర్వాత మరపట్టినా అది నిలుస్తుంది. పచ్చి ధాన్యాన్ని మరపడితే ఆ విటమిన్ తవుడుతో పాటే పోతుంది. 1890లలో జావాలో క్రిస్టియాన్ ఐక్‌మన్, పాలిష్ బియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవడం గమనించాడు. ఆ పరిశోధనకు 1929లో నోబెల్ బహుమతి లభించింది. భారతదేశంలో ఈ బెరిబెరి వ్యాధి ప్రధానంగా ఎక్కడ కనిపించేదో తెలుసా? ఉత్తర సర్కారుల్లో, అంటే ఈనాటి కోస్తా ఆంధ్ర జిల్లాల్లో. మరపట్టిన పచ్చి బియ్యం తినడం మన అలవాటు. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలవారికి ఆ బెడద అంతగా లేదు. కాళ్ళు తిమ్మిరెక్కడం, వాపులు, చివరికి గుండె నీరసించడం, ఇవన్నీ తెల్లని అన్నం వల్ల వచ్చిన కష్టాలు. దీన్ని పరిశోధించడానికే 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో బెరిబెరి విచారణ విభాగాన్ని ప్రారంభించాడు. అది పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. తార్నాకలో మీరు చూసే జాతీయ పోషకాహార సంస్థ అదే.

విటమిన్ బి1 నీటిలో కరుగుతుంది. బియ్యాన్ని నాలుగైదుసార్లు పిసికి కడిగినా, గంజి వార్చి పారబోసినా చాలా భాగం పోతుంది. బెంగాలీలు గంజిని ఫ్యాన్ అంటారు. 1943 కరువులో పల్లెల నుంచి కలకత్తా చేరిన జనం ఇంటింటి ముందు నిలబడి అడిగింది అన్నం కాదు, ఆ ఫ్యానే. మన ఇళ్ళలో గంజిని ఉప్పేసుకుని తాగే అలవాటు పోవడం నష్టమే.

అయితే గంజి వార్చడమే మేలైన సందర్భం ఒకటుంది. పశ్చిమ బెంగాల్‌లో చాలాచోట్ల భూగర్భజలంలో ఆర్సెనిక్ ఉంది. చర్మవ్యాధి నిపుణుడు కె.సి. సాహా 1983లో అలాంటి రోగులను గుర్తించారు. ఆ నీటితో పండిన బియ్యంలో కూడా ఆర్సెనిక్ చేరుతుంది. ఆర్సెనిక్ లేని మంచి నీళ్ళు బియ్యానికి అయిదారు రెట్లు పోసి వండి, గంజి వార్చేస్తే అందులో చెప్పుకోదగ్గ భాగం బయటికి పోతుంది. విటమిన్ నిలవాలంటే గంజి ఇంకిపోవాలి, విషం పోవాలంటే గంజి వార్చాలి. ఏది సరైనదో వంట పుస్తకం చెప్పలేదు. మీ బియ్యం ఎక్కడిదో, మీ నీరు ఎక్కడిదో దాన్నిబట్టి ఉంటుంది.

మిగిలిన అన్నం

రెట్టింపు వండారు కాబట్టి అన్నం మిగిలింది. ఇక్కడ కంటికీ ముక్కుకూ కనిపించే గుర్తు ఏదీ ఉండదు, అదే ప్రమాదం. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా సిద్ధబీజాలు సాధారణంగా ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడు మొలకెత్తి, పెరిగి, విషపదార్థాన్ని తయారు చేస్తాయి. ఆ అన్నానికి దుర్వాసన ఉండకపోవచ్చు. మళ్ళీ వేడి చేస్తే బాక్టీరియా చావవచ్చు గాని, వాంతులు కలిగించే ఆ విషం వంటింటి వేడికి చెక్కుచెదరదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి.

జూన్ నెలలో కలకత్తాలో గానీ, విజయవాడలో గానీ రాత్రి పదింటికి కూడా గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలుంటుంది. లోతైన గిన్నెలో కుప్పగా ఉన్న అన్నం నడిభాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. దుంప విషయంలో చెప్పుకున్న మందం లెక్క ఇక్కడా వర్తిస్తుంది: కుప్ప మందం సగానికి తగ్గిస్తే నాలుగో వంతు సమయంలో చల్లారుతుంది. భోజనాలు కాగానే మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్ళెంలో రెండు వేళ్ళ మందాన పరచి, చల్లారగానే, గంట రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లేని ఇంట్లో చద్దన్నం చేయదలిస్తే వెంటనే చల్లని మంచినీళ్ళు పోసి నానబెట్టండి. నీరు వేడిని త్వరగా లాగేస్తుంది, తెల్లవారేసరికి లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియా పెరిగి పులుపు వస్తుంది, ఆ పులుపులో చాలా సూక్ష్మజీవులు ఎదగలేవు. బెంగాలీల పాంతా భాత్ ఇదే. పొద్దున తీగలు సాగినా, వాసనలో తేడా ఉన్నా పారబోయండి. గిన్నెలో రాత్రంతా పొడిగా మూతపెట్టి ఉంచిన అన్నాన్ని మాత్రం, బాగానే ఉన్నట్టు కనిపించినా, పులిహోర కలపకండి.